వచ్చిన రోజు నుంచే ఆల్బర్టా వాసులుగా గుర్తించాలి

గౌరవనీయులైన ఆల్బర్టా ప్రీమియర్ గారికి,
ఎడ్మంటన్.

విషయం: ఇతర ప్రావిన్సుల నుంచి తరలివచ్చిన కుటుంబాల ఆరోగ్య బీమా, వృత్తి లైసెన్సులు, పిల్లల చదువు గురించి.



బ్రాంప్టన్, మిస్సిసాగాల నుంచి కాల్గరీ, ఎడ్మంటన్‌లకు మకాం మార్చిన తెలుగు కుటుంబాల తరఫున ఈ వినతిపత్రం సమర్పిస్తున్నాం. మేము పిలవని పేరంటానికి రాలేదు. 2022లో మీ ప్రభుత్వమే ‘ఆల్బర్టా ఈజ్ కాలింగ్’ అంటూ టొరంటో, వాంకూవర్‌లలో ప్రకటనలిచ్చింది. 2023లో ఇతర ప్రావిన్సులకు వెళ్లినవారిని మినహాయించినా, అక్కడి నుంచి వచ్చి ఇక్కడ మిగిలినవారు 55 వేల పైచిలుకు. ఏ ప్రావిన్సులోనైనా స్థిరపడి బతుకుతెరువు చూసుకునే హక్కు పౌరులకూ శాశ్వత నివాస హోదా (పీఆర్) ఉన్నవారికీ 1982 నాటి హక్కుల చార్టర్ ఆరవ సెక్షనే ఇచ్చింది.

మొదటిది ఆరోగ్య బీమా. హైదరాబాద్ నుంచి నేరుగా కాల్గరీలో దిగిన పీఆర్‌కు, మూడు నెలల్లోగా దరఖాస్తు చేసుకుంటే, వచ్చిన రోజు నుంచే బీమా వర్తిస్తుంది. బ్రాంప్టన్ నుంచి ఏప్రిల్ 5న వచ్చినవారు జూలై 1 దాకా ఆగాలి. ఈలోగా పాత ప్రావిన్సు భరిస్తుందన్న మాట నిజమే. డాక్టరు ఫీజుకు, ఆసుపత్రి ఖర్చుకు అది సరిపోవచ్చు. అంబులెన్సుకూ మందులకూ వర్తించదు. 65 ఏళ్లు దాటిన తల్లిదండ్రులకు ఒంటారియో పథకం కింద వచ్చే బీపీ, షుగర్ మాత్రలు ఇక్కడ సొంత డబ్బుతో కొనవలసిందే. కెనడా ఆరోగ్య చట్టం ఈ గడువు మూడు నెలలు మించరాదన్నదే గాని, ఉండి తీరాలనలేదు. ఒంటారియో 2020లోనే ఎత్తివేసింది. డిసెంబరు 31న ఇక్కడుంటే ఏడాది మొత్తం ఆదాయానికీ ప్రావిన్సు పన్ను ఆల్బర్టా లెక్కనే కడుతున్నాం. పన్నుకు నిరీక్షణ లేదు. బీమాకూ ఉండరాదు. అది వెంటనే కుదరకుంటే వృద్ధుల మందులకు, అంబులెన్సుకైనా మొదటి రోజు నుంచి వర్తింపజేయాలి.

రెండవది వృత్తి లైసెన్సులు. ఒక ప్రావిన్సు గుర్తించిన నర్సు చేత, ఇంజనీరు చేత మరొకటి సాధారణంగా మళ్లీ పరీక్షలు రాయించరాదని 2017 నాటి కెనడా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చెబుతోంది. నిర్ణయం 20 పనిదినాల్లో రావాలని మీ చట్టమే అంటోంది. ఏ లైసెన్సు సంస్థ ఎన్ని రోజులు తీసుకున్నదో ఏటా ప్రకటించాలి. ఒంటారియో ఒకసారి సరిచూసిన విజయవాడ కాలేజీ మార్కుల జాబితాను మళ్లీ తెప్పించమనరాదు. దాన్ని సీల్డ్ కవరులో పంపించడానికి అక్కడ కాలేజీ గుమాస్తా చుట్టూ తిరగవలసింది మా ముసలి తండ్రులే.

మూడవది చిన్న కోరిక. ఇక్కడి పన్నెండో తరగతి తుది మార్కుల్లో 30 శాతం డిప్లొమా పరీక్షకే. ఒంటారియోలో అలాంటిది లేదు. ఏడాది మధ్యలో చేరిన పిల్లలకు ఈ సంగతి మొదటి వారంలోనే రాతపూర్వకంగా తెలియజేయాలి.

మా ప్రతినిధులకు సమయమిచ్చి, ఒక్కో కోరికపై లిఖితపూర్వకంగా జవాబివ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ఒంటారియో నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు