ఫలహారంలో పండు ఏది?

ఐదు రూపాయల బిళ్ల పట్టుకుని ఏడేళ్ల పిల్లవాడు హైదరాబాద్ మాదన్నపేట గల్లీలో బయల్దేరితే ఏమేం కొనగలడు? కిరాణా కొట్టు ముందు దండల్లా వేలాడే చిప్స్ పొట్లాల్లో ఒకటి తెంపించుకోవచ్చు. బిస్కట్లు కొనుక్కోవచ్చు, క్రీము ఉన్నవీ లేనివీ. లాలీపాప్, జెల్లీ, చాక్లెట్... చిట్టా పెద్దదే. అదే బిళ్లతో మండి మూలనున్న పండ్ల బండి దగ్గరికి పోతే? ఆపిల్ కిలో లెక్క, దానిమ్మ కిలో లెక్క, జాంకాయ కిలో లెక్క, అరటిపండు డజను లెక్క. "పావుకిలో తీస్కో బిడ్డా" అంటాడు బండాయన, మంచివాడే. పావుకిలోకు ఆ బిళ్ల చాలదు. పిల్లవాడు మళ్లీ కిరాణా కొట్టుకే తిరిగొస్తాడు. సాయంత్రం తల్లి పక్కింటావిడతో అంటుంది: "మా వోడు పండు ముట్టడక్కా, ఎప్పుడు జూసినా ఆ పొట్లాలే."

పిల్లలు పండ్లు తినడం లేదన్న బెంగ మన పత్రికల్లో ఏడాది పొడవునా కనిపిస్తుంది. అందుకు చెప్పే చిట్కాలన్నీ నాలుక చుట్టూనే తిరుగుతాయి: పండును పువ్వులా కొయ్యండి, రంగుల గిన్నెలో పెట్టండి, పెరుగులో కలిపి మాయ చెయ్యండి. అవి పనికిరావని అనను. పొద్దున ఆరింటికే ఇద్దరూ పనికి పోయే రెండు గదుల ఇంట్లో ఆ పువ్వును ఎవరు కొయ్యాలన్నదే నా సందేహం. నాకిది రుచి సమస్య కన్నా ముందు చిల్లర సమస్యగా కనిపిస్తుంది. పండు పిల్లల చేతిలోంచి జారి పెద్దల సంచిలోకి పోయింది.

ఒకప్పుడు అది పిల్లల చేతిలోనే ఉండేది. బడి గేటు పక్కన గంపలు పెట్టుకుని ముసలమ్మలు కూర్చునేవాళ్లు. జాంకాయను నాలుగు చీలికలు చేసి, మధ్యలో ఉప్పూకారం పూసి ఇచ్చేవాళ్లు. ఒక్క చీలికైనా అమ్మేవాళ్లు. రేగుపండ్లు చిన్న గ్లాసుతో కొలిచి పాత నోటుబుక్కు కాగితంలో పొట్లం కట్టేవాళ్లు. నేరేడు పండ్ల కాలంలో మా నీలం నాలుకలు చూసి టీచరమ్మ దొంగల్ని పట్టేది. సీమచింతకాయలు, ఉసిరికాయలు, పుల్లమామిడి ముక్కలు, ఇవేవీ తినొద్దని పెద్దలు తిట్టేవాళ్లు, గొంతు పడుతుందని, జ్వరమొస్తుందని. ఒంటికి మంచిదని ఒక్కరూ చెప్పిన పాపాన పోలేదు. బహుశా అందుకే అంత రుచి.

ఆ గంప జాగాలో పొట్లం వచ్చి కూర్చుంది. పొట్లం తయారుచేసేవాళ్లకు పిల్లల జేబు లెక్క మనకన్నా బాగా తెలుసు. పిండి ధర పెరిగినా, నూనె ధర పెరిగినా ఐదు రూపాయల పొట్లాన్ని ఐదు రూపాయలకే నిలబెడతారు, లోపల గ్రాములు తగ్గిస్తారు. ఏ పిల్లవాడూ గ్రాములు చదవడు, బిళ్ల సరిపోయిందా లేదా అన్నదే చూస్తాడు. పండుకు ఆ విద్య రాదు. పైగా ఇవాళ మిగిలింది రేపటికి మెత్తబడుతుంది, ఎల్లుండికి పారబోయాలి. పొట్లం నెలల తరబడి దండకు వేలాడినా చెక్కుచెదరదు. పన్ను సంగతీ చూడండి. తాజా పండ్ల మీద జీఎస్టీ మొదటినుంచీ లేదు. బిస్కట్లు, చాక్లెట్ల మీద 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది. మధ్యతరగతికి ఊరట అన్నారు, నిజమే. కానీ పండుకూ పొట్లానికీ నడుమ ప్రభుత్వం కట్టిన ఒకే ఒక్క గోడ కూడా ఆ రోజు చాలామటుకు కూలిందన్న మాట పెద్దగా వినబడలేదు.

పండు ఇలా దూరం కావడం మాదన్నపేటలో మరీ విడ్డూరం. గోల్కొండ చివరి సుల్తాను తానీషా కొలువులో మంత్రిగా చేసిన మాదన్న పేరు మోస్తున్న పేట ఇది. ఇప్పుడు ఆ పేరు చెప్తే చుట్టుపక్కలవాళ్లకు గుర్తొచ్చేది కూరగాయల మండి. పండ్లూ దీనికి దూరమేమీ కాదు. నగరం పండ్ల మార్కెట్ మొదట జాంబాగ్‌లో ఉండేది. జాం అంటే జామ, బాగ్ అంటే తోట, పేరులోనే పండు. 1986లో అది కొత్తపేటకు మారి గడ్డిఅన్నారం మార్కెట్ అయింది. మాదన్నపేట బండివాళ్లకు సైదాబాద్ దాటితే వచ్చేసే దూరం. 2021లో అక్కడినుంచీ లేచి, విజయవాడ హైవే మీద ఔటర్ రింగ్ రోడ్డు దాకా పోయి బాటసింగారంలో పడింది. ఖాళీ అయిన జాగా పెద్దాసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి వద్దనేవాళ్లెవరు? పండ్ల మార్కెట్ లేపి దవాఖానా కట్టడంలోని హాస్యం మాత్రం నన్ను వదలదు. తెల్లవారకముందే ట్రాలీ ఆటో మాట్లాడుకుని అంతదూరం పోయొచ్చే బండాయన, ఆ కిరాయిని డజను మీద వేయక ఎక్కడ వేస్తాడు? విడిగా ఒక్క పండు అమ్మమంటే ఆయనకు గిట్టకపోవడంలో వింతేముంది?

ధరతో పాటు పండు చోటు కూడా మారింది. ఫలహారం అనే మాటనే తీసుకోండి. ఫలం ఆహారంగా తీసుకోవడం కదా. ఇవాళ ఫలహారం అంటే ఇడ్లీ, ఉప్మా, పూరీ. ఆషాఢంలో పాతబస్తీ బోనాలకు ఊరేగే పలారం బండిలోనూ పండు వెతుక్కోవాల్సిందే. మాట మిగిలింది, పండు జారిపోయింది. మన ఇళ్లలో ఇక పండు కనిపించేది దేవుడి ముందు, తాంబూలంలో, లేదా రోగిని చూడటానికి పోయేవాళ్ల సంచిలో. భోగినాడు పిల్లల నెత్తిన రేగుపండ్లు పోస్తాం. కింద పడ్డవి ఏరుకుని నోట్లో పెట్టుకోబోతే 'ఛీ, మురికి' అని లాగేస్తాం. పూజకూ జబ్బుకూ ముడిపడ్డ వస్తువు మీద పిల్లలకు ఆకలెట్లా పుడుతుంది?

ఆపైన లంచం. "ఈ రెండు ముక్కలు తిను, చాక్లెట్ ఇస్తా." ఈ బేరం పెట్టని ఇల్లుండదు, మా ఇల్లూ అంతే. 1980లలో అమెరికాలో లియన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలతో దీన్ని పరీక్షించి చూశారు. ఫలానాది తాగితే బహుమానం అని ఆశపెట్టిన పిల్లలకు కొన్నాళ్లకు ఆ తాగేదాని మీదే ఇష్టం తగ్గింది. పిల్లవాడి తర్కం సూటిగానే ఉంది: ఇది మంచిదైతే తిన్నందుకు నాకు కూలి ఎందుకిస్తున్నారు? కొత్త రుచిని ఒత్తిడి లేకుండా పదే పదే ముందు పెడితే క్రమంగా అలవాటవుతుందన్నది కూడా ఆవిడ పరిశోధనల్లో తేలిందే. మనం రెండుసార్లు పెట్టి, ఉమ్మేస్తే 'వీడికి బొప్పాయి పడదు' అని తీర్పు రాసేస్తాం. పరిశోధనలు అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక: ఆపిల్ మీద ఎల్మో అనే పిల్లల టీవీ బొమ్మ స్టిక్కర్ అతికిస్తే పిల్లలు ఎగబడి తింటారని చెప్పిన ఒక ప్రసిద్ధ అమెరికా అధ్యయనాన్ని 2017లో వెనక్కి తీసుకున్నారు. బొమ్మల చిట్కాల మీద నాకు నమ్మకం కుదరనిది అందుకే.

నమ్మకం కుదిరే దృశ్యం మాదన్నపేటలోనే ఏటా నెల రోజులు కనిపిస్తుంది. రంజాన్ మాసంలో పొద్దు గుంకే వేళ ఈ గల్లీల్లో నడవండి. ఉపవాసమున్న ప్రతి ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచి ఉంటుంది. ఖర్జూరం, తర్బూజా, బొప్పాయి, అరటి, జామ, అన్నీ కోసి పళ్లేల్లో సిద్ధం. ఉపవాసం లేని చిన్నపిల్లలు కూడా పెద్దల పక్కన చేరి, అజాన్ కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు. విటమిన్ల మాట ఎవరూ ఎత్తరు. తినమని ఎవరూ బతిమాలరు. ఆకలి వేళకు, కోసి, అందరూ కలిసి, ముందుగా పండు. ఆ పక్కనే మిర్చీలూ సమోసాలూ ఉంటాయి, కాదనను. అయినా మొదటి చెయ్యి పడేది పండు మీదే. తక్కిన పదకొండు నెలలు ఇదే పిల్లవాడు 'పండు ముట్టడు' అని పేరు తెచ్చుకుంటున్నాడంటే లోపం నాలుకలో ఉందంటారా?

ఏ పండు అన్నదీ చూడాలి. డాక్టర్ని దూరం పెట్టే ఆపిల్ సామెత మన ఊరిది కాదు, అయినా పండు అనగానే మనకు ఆపిలే మెదులుతుంది. వంద గ్రాముల జాంపండులో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటే ఆపిల్‌లో ఉండేది పదిలోపు. ఇదే నగరంలో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కౌమార వయసు పిల్లలకు అన్నం భోజనంతో పాటు జాంపండు పెట్టి చూసి, 2013లో ఫలితాలు ప్రకటించారు. భోజనంలోని ఇనుము ఒంటికి పట్టడం బాగా పెరిగింది. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకె పక్కన ఈ జాంకాయను పెట్టి చూడండి. అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 100 గ్రాముల పండ్లు తినమంది. అంటే ఒక్క మోస్తరు జాంకాయ.

పండుకు బదులు జ్యూస్ డబ్బా పెడుతున్నాం కదా అనేవాళ్లకు ఒక్క మాట. 'ఫ్రూట్ డ్రింక్' అని పేరు పెట్టుకోవడానికి మన నిబంధనల ప్రకారం అందులో పది శాతం పండ్లరసం ఉంటే చాలు. 'నూరు శాతం పండ్లరసం' అన్న రాతలను తీసేయమని ఆహార భద్రత సంస్థ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించింది. ఇక కార్బైడ్ భయం. అది ఉత్తిది కాదు, కార్బైడ్‌తో మగ్గపెట్టడం నిషేధమైనా అక్కడక్కడా పట్టుబడుతూనే ఉంటుంది. కానీ ఆ భయం పండును మాత్రమే ఇంట్లోంచి వెళ్లగొడుతోంది. సీలు, తేదీ ఉన్నాయన్న ధీమాతో పొట్లాన్ని ఎవరూ శంకించరు. చెట్టు మీంచి పచ్చిగా కొరుక్కు తినే జామకు, రేగుకు మగ్గపెట్టే అవసరమే రాదన్నది మరిచిపోతాం.

ఇంట్లో కుదరని పని బడిలో కుదురుతుంది. మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన కొలతల్లో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఉన్నాయి. పండు అనే గడే లేదు. కర్ణాటకలో గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు. 2024లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సాయంతో దీన్ని వారానికి ఆరు రోజులకు పెంచారు. మంచిదే, అయితే అక్కడా పండుది గుడ్డుకు బదులొచ్చిన చుట్టం హోదాయే. ఇంగ్లండులో ప్రభుత్వ బడుల్లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజూ ఒక పండో కూరగాయో చేతికిచ్చే పథకం 2004 నుంచి నడుస్తోంది. నార్వే 2007లో పెద్ద తరగతులకు ఉచిత పండు మొదలుపెట్టి 2014లో ఆపేసింది. నడిచినన్నాళ్లు పిల్లలు చిల్లర తిండి తినడం తగ్గిందనీ, తల్లిదండ్రులకు పెద్ద చదువుల్లేని ఇళ్లలో మరీ తగ్గిందనీ అక్కడి పరిశోధకులు గుర్తించారు. ఇంటర్వెల్ గంటకు ఒక అరటిపండు ఇవ్వడానికి వంటగది అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, కత్తి కూడా అక్కర్లేదు. ప్రభుత్వం కదిలేలోపు, శుభదినాల్లో దాతలు బడి పిల్లలకు పెట్టే తిథి భోజనం ఉండనే ఉంది. పుట్టినరోజుకు తరగతికంతా చాక్లెట్లు పంచే తల్లిదండ్రులు ఆ డబ్బుతో అరటి గెల దింపించవచ్చు.

ఇక గేటు బయటి సంగతి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండిని బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. ఉన్న నిబంధనే, అమలు చెయ్యమనండి. కాకపోతే వద్దన్నది తీసేస్తే ఆ 50 మీటర్లు ఖాళీగా ఉండవు. ఆకలి మీదున్న పిల్లలు 51వ మీటరు దాకా నడుస్తారు. ఆ జాగా గంపకు ఇవ్వాలి. మాదన్నపేట, సైదాబాద్, చంచల్‌గూడ బడుల ముందు మధ్యాహ్నం, సాయంత్రం ఒక గంటసేపు కూర్చోవడానికి పండ్లమ్మే ఆడవాళ్లకు జీహెచ్ఎంసీ గుర్తింపు కార్డివ్వాలి. పోలీసు వచ్చి తరమకుండా, తైబజారు పేరుతో ఎవరూ చెయ్యి చాపకుండా చూస్తే చాలు. షరతు ఒక్కటే: కిలో లెక్క వద్దు, కాయ లెక్క. ఐదు రూపాయలకు చిన్న జామ, ఒక అరటిపండు, ఒక గ్లాసు రేగుపండ్లు. ఉప్పూకారం కావాలంటే అద్దండి; ఆరోగ్యం పేరు చెప్పి దాన్ని కూడా లాక్కోవద్దు.

పిల్లలకు పండంటే ఇష్టం లేదన్న మాట విన్నప్పుడల్లా నాకు మా ఇంటి వినాయక చవితి గుర్తొస్తుంది. పాలవెల్లికి జాంకాయలు, సీతాఫలాలు, వెలక్కాయ, మక్కకంకి వేలాడదీసేవాళ్లం. పూజ అయ్యేదాకా ముట్టుకోవద్దని నానమ్మ కాపలా కాసేది. నిమజ్జనానికి పాలవెల్లి దింపేసరికి దారాలు మాత్రం ఉండేవి. వెలక్కాయ ఒక్కటే మిగిలేది, అదీ పగలగొట్టడం రాక.