మొదొగలింగము – ఒక లాటిను స్థలనామముపై పునర్విచారము

బిలాసపురమునుండి చాంపా వైపునకు పోవు రైలుమార్గమున గతౌరా యను స్టేషను కలదు. రైల్వే కొలువులకై వచ్చి బిలాసపురమున స్థిరపడిన తెలుగు కుటుంబము లనేకము. అట్టి కుటుంబమున బుట్టినవాడు స్టేషను ఫలకముపై ఆ పేరు చదివెనేని దాని కొసను అతనికి 'ఊరు' వినబడుట సహజము. 'గత' యనునది సంస్కృత శబ్దము, 'ఊరు' తెలుగు మాట. రెండును కలిపి 'పాత యూరు' అని అర్థము చెప్పుట నిమిషములో పని. అటుపై 'ఔరా!' యని మెచ్చుకొనుటకు వలసిన యక్షరములును ఆ పేరులోనే యున్నవి.

కాని 'ఔర్', 'ఔరా' యని ముగియు గ్రామనామములు ఉత్తర, మధ్య భారతములందు పెక్కు గలవు. ప్రాకృతములందు రెండచ్చుల నడుమ పకారము లోపించి 'పుర' శబ్దము 'ఉర' యగుట భాషాశాస్త్రజ్ఞు లెల్లరెఱిగినదే. గతౌరా పేరు ఏ మార్గమున వచ్చినదో దాని పూర్వరూపములను, చుట్టుపట్ల గ్రామముల పేళ్లను కలిపి చూచినగాని తేలదు. చెవికి దోచిన పోలిక ప్రయాణమున వినోదము గూర్చును. గ్రంథమున జొచ్చినచో అది తరములపాటు వదలని పొరపాటగును. అట్టి పొరపా టొకటి తెలుగు భాషాచరిత్రలో నూఱేండ్లకు పైబడి నిలిచియున్నది. దానికి మూలము 'మొదొగలింగమ్' అను లాటిను స్థలనామము.

రోమను పండితుడు ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతమున తన 'ప్రకృతి చరిత్ర'ను టైటసునకు అంకిత మొనర్చెను. అది ముప్పదియేడు పుస్తకముల మహాసంకలనము. రెండేండ్ల తరువాత, 79లో, వెసూవియసు అగ్నిపర్వతము ప్రేలినపు డతడు మరణించెను. ఆరవ పుస్తకమున భారతదేశపు జాతుల పట్టిక యొకటి కలదు. గంగానదిలో మిక్కిలి పెద్దదైన ద్వీప మున్నదనియు, అందు ఒకే జాతివారు నివసింతురనియు చెప్పుచు ఆ జాతిపేరుగా అతడు ఈ మాటను వ్రాసెను. ప్లినీ భారతదేశమును చూచినవాడు కాడు. మెగస్తనీసు మొదలైన గ్రీకుల వ్రాతలే అతని కాధారములు. కావున ఈ పేరు భారతీయుని నోటినుండి గ్రీకుల చెవికిని, గ్రీకు వ్రాతనుండి లాటిను వ్రాతకును, పిదప శతాబ్దముల లేఖకుల చేతులలోనికిని వచ్చి, ఇన్ని మలుపులు తిరిగి నేటి పాఠకుని చేరినది.

పందొమ్మిదవ శతాబ్దమున తెలుగును అభ్యసించిన ఆంగ్లేయ పండితులలో కొందఱు దీనిని 'మొదొగ – లింగమ్' అని విడదీసిరి. 'మొదొగ' యనగా 'మూడుగ' యనియు, కావున మొత్తము పేరు 'త్రిలింగము'నకు తెలుగుసేత యనియు వారి యూహ. 1856లో వెలువడి 1875లో పెంపొందింపబడిన కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణమునందును ఈ యూహ చర్చకు వచ్చినది. ఊహించినవారు దానిని ఊహగానే చెప్పిరి. పిదప దాని నెత్తుకొన్నవారిలో పలువురు ఊహ యను మాటను విడిచి, ఫలితమును మాత్రమే నిలుపుకొనిరి. అందుచేత 'మొదటి శతాబ్దమునాటికే రోమనులు మూడు అను తెలుగు మాటను వ్రాసియుంచిరి' అను వాక్యము ఉపన్యాసములందును వ్యాసములందును నేటికిని వినబడుచున్నది.

ఇది చిన్న విషయమని త్రోసివేయదగినది కాదు. భాష ప్రాచీనతకు ప్రభుత్వ గౌరవము ముడిపడిన కాలమిది. తమిళమునకు 2004లోను, సంస్కృతమునకు 2005లోను, తెలుగు కన్నడములకు 2008లోను ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినది. తరువాత మలయాళము, ఒడియాలు చేరినవి. 2024లో మరాఠీ, పాళి, ప్రాకృతము, అస్సామీ, బెంగాలీలును చేరగా అట్టి భాషల సంఖ్య పదునొకటి యైనది. ప్రతి భాషాశాఖయు తన పాతసాక్ష్యములను పదిమంది యెదుట పెట్టవలసి వచ్చిన యీ తరుణమున, ఒక్క బలహీనసాక్ష్యము తక్కిన బలమైన సాక్ష్యములకు సైతము అపనమ్మకమును దెచ్చిపెట్టును. కావున ఈ పేరును పొరుగుభాషలవారు పరీక్షించుటకు ముందు తెలుగువారే పరీక్షించుట మేలు.

మొదటి పరీక్ష లాటిను వ్యాకరణమునది. 'లింగమ్' అను కొసను చూడగానే తెలుగు చెవికి 'లింగము' తోచును. కాని ఆ తుది మకారము పేరులోనిది కాదు. అది లాటినులోని ద్వితీయా విభక్తి ప్రత్యయము. వాక్యమున 'జాతి' యను మాట ద్వితీయలో నుండుటచేత దానితో కూడి పేరును ద్వితీయలో నిలిచినది. ప్రత్యయమును దీసివేసినచో మిగులునది 'మొదొగలింగ'. తెలుగు ము-వర్ణకమునకును లాటిను మకారమునకును ఏ చుట్టఱికమును లేదు.

రెండవ పరీక్ష ఇరుగుపొరుగు పేళ్లది. ప్లినీ ఆ ప్రకరణముననే సముద్రమునకు దగ్గఱివారు 'కలింగే' అని చెప్పెను. బ్రాహ్మణ జాతులలో 'మక్కొకలింగే' అను తెగను పేర్కొనెను. గంగాప్రాంతపు కలింగులను వేఱుగా చెప్పి, వారి రాజునకు అరువదివేల కాలిబంటులు, వేయి గుఱ్ఱములు, ఏడువందల యేనుగులు కలవనెను. ఇన్ని 'కలింగ'ల నడుమ నున్న పేరును 'మొదొ – గలింగ' యని విడదీయుట ఋజుమార్గము. 'మొదొగ – లింగ' యని విడదీయుటకు 'లింగ' శబ్దము కావలెనను కోరిక తప్ప ఆ ప్రకరణమున మఱియొక యాధారము లేదు. పైగా ఆ ద్వీపమునకు ఆవలి జాతులను చెప్పుచు ప్లినీ 'మొదుబే' అను పేరుతో ప్రారంభించెను. 'మొదొ' మూడైనచో 'మొదు'నకును మూడనియే చెప్పవలసివచ్చును. అపుడు 'బే' యననేమో వెదుక వలసివచ్చును. ఒక పేరునకు పనిచేసి ప్రక్కపేరునకు పనిచేయని తాళపుచెవిని నమ్మరాదు.

ఇచటనే మఱియొక చిక్కును చెప్పవలెను. లాటినులో 'మొదొ' యను అవ్యయమే కలదు; దానికి 'మాత్రమే' యని యర్థము. ప్రాచీనమైన లాటిను ప్రతులలో పదముల నడుమ ఎడము లేక వ్రాయు వాడుక యుండెను. 'మొదొ గలింగమ్' అని రెండు మాటలుగా విడదీసిన పాఠాంతరమును పండితు లెత్తిచూపియున్నారు. అది సరియైనచో ఆ ద్వీపమున నుండునది 'గలింగ' జాతి మాత్రమే యని తేలును. తెలుగు సంఖ్యాపదమని తలచినది లాటిను అవ్యయమై పోవును. ఈ పాఠమునే అంగీకరింపవలెనని పట్టుపట్ట నక్కఱలేదు. అట్టి సందు కలదని తెలిసిన పిమ్మట మాత్రము ఈ పేరుపై భాషాచరిత్ర మేడ కట్టుట సాహసమే.

మూడవ పరీక్ష తెలుగు వ్యాకరణమునది. విచారమునకు ప్రాణము వంటిదియు ఇదియే. 'మూఁడు' సమాసమున పూర్వపదమైనపుడు సాధారణముగ 'ము' యగును: ముక్కంటి, ముల్లోకములు, ముమ్మాఱు, మున్నూఱు, ముప్పది. ఒక తెలుగువాడు మూడు లింగముల దేశమునకో, మూడు కలింగములకో ఆ కాలమున తెలుగు పేరు పెట్టియుండినచో 'ముల్లింగ', 'ముక్కలింగ' వంటి రూప మెదురుచూడవలెను. 'మూడుగలింగ' యను కూర్పు తెలుగు నుడికారమునకు లోబడదు; నడిమి గకారమునకు ఉపపత్తి చెప్పజాలక పోవుట దాని లోపమును బయటపెట్టుచున్నది.

మఱియు 'మూఁడు'లోని అరసున్న ఊరక పెట్టినది కాదు. ప్రాచీన శాసనభాషలో అది నిండుసున్నతో 'మూండు'. తమిళమున 'మూన్ఱు'. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముననే వ్యవహారమందున్న గోండి, కురుఖ్ భాషలలో 'మూండ్' వంటి రూపమే. ఆంధ్రదేశపు టుత్తరసీమ కొండలలోని కొండభాషలో 'మూన్ఱి'. ఇన్ని సోదరభాషలలో నిలిచి, ప్లినీకి ఎన్నో శతాబ్దముల తరువాతి తెలుగు శాసనములందును నిలిచియున్న అనునాసికము ప్లినీ కాలమున లేకపోయెననుట కుదరదు. ఆ ధ్వనిని వ్రాయుటకు లాటినునకు శక్తి లేదందమా? అదే ప్రకరణమున 'అందరే', 'మందేయి', 'మొలిందే' అను పేళ్లు నకార దకారములతో చక్కగా వ్రాయబడియున్నవి. 'మూండు' విని వ్రాసినవారు 'మొందొ' యని వ్రాసియుందురు. 'మొదొ'లో ఆ నకారము లేదు.

నాల్గవది స్థలపరీక్ష. ద్వీపము గంగానదిలోనిది. శ్రీశైలము, కాళేశ్వరము, ద్రాక్షారామములను ఎల్లలుగా జెప్పు త్రిలింగదేశభావన కాకతీయుల యాస్థానమున విద్యానాథుడు 'ప్రతాపరుద్రీయము' రచించిన కాలమునకు, అనగా పదునాల్గవ శతాబ్దపు టారంభమునకు, ప్రసిద్ధమై యున్నది. ఆ భావనను పండ్రెండు శతాబ్దములు వెనుకకు జరిపి, వందల మైళ్లు ఉత్తరముగా గంగలో నిలుపుటకు ఒక్క పేరులోని అక్షరసామ్యము చాలదు. క్రీ.శ. 150 ప్రాంతమున గ్రీకులో వ్రాసిన టాలెమీ 'త్రిలింగోన్' అను రాజధానిని పేర్కొనెను గదా యందురు. నిజమే. కాని అతడు దానిని గంగకు తూర్పుననున్న దేశములలో చేర్చి, అచటి కాకులును చిలుకలును తెల్లనివని వర్ణించెను. దానికే 'త్రిగ్లుప్తోన్' అను గ్రీకు పేరును జోడించెను. ఒక సందేహమునకు మఱియొక సందేహము సాక్షి కాజాలదు.

ఆశగొల్పు మార్గ మింకొకటి కలదు. 'మక్కొకలింగే' యను పేరు 'ముక్కలింగ'కు దగ్గఱగా వినబడును. అక్కడినుండి శ్రీకాకుళ మండలములోని ముఖలింగమునకును, శాసనములలోని 'త్రికలింగ'కును వంతెన వేయవచ్చును. కాని మొదటి యచ్చే సరిపోలదు. ఆ తెగ కలింగసీమలో నుండెనని ప్లినీ చెప్పలేదు. ఒక పేరు చేజాఱగానే ప్రక్కపేరును పట్టుకొనుట వాదమును గెలిపించు కోరికయే గాని సత్యమును వెదకు పద్ధతి కాదు.

ఇన్ని తీసివేసిన పిమ్మట మిగులున దేమి? మిగులునది తక్కువ విలువ గలది కాదు. అశోకుని పదుమూడవ శిలాశాసనమున ప్రసిద్ధమైన కలింగనామము గంగాముఖమువఱకు వ్యాపించెనని లాటిను రచయిత సాక్ష్యమిచ్చుచున్నాడు. 'మొదొగలింగ'లో దృఢమైన భాగము 'గలింగ' యొక్కటే; దాని యర్థము కలింగజాతి. 'అందరే' యనువారికి ప్రాకారములును బురుజులును గల ముప్పది పట్టణములు, లక్ష కాలిబలము, రెండువేల గుఱ్ఱములు, వేయి యేనుగులు కలవని అదే పుస్తకము చెప్పుచున్నది. అది ఆంధ్రజాతి చరిత్రకు గొప్ప యాధారము. జాతిపేరు భాషకు ప్రమాణము కాదనుట మాత్రము మఱవరాదు. తెలుగు మాటలకు ప్రమాణము కావలెనన్నచో అమరావతి శిలపై వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన 'నాగబు' చర్చకు తగియున్నది, క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు కలమళ్లలో వేయించిన శాసనము చర్చకు అతీతముగా నున్నది.

త్రికలింగమును గూర్చి విచారింపదలచినవారికి బిలాసపుర ప్రాంతమే మంచి క్షేత్రము. ఇది ప్రాచీన దక్షిణకోసలము. ఇచటి సోమవంశపు రాజులు 'త్రికలింగాధిపతి' బిరుదును ధరించిరి. బిలాసపురమునకు చేరువనున్న రతనపురమున దొరకిన మొదటి జాజల్లదేవుని శాసనము కలచురి సంవత్సరము 866, అనగా క్రీ.శ. 1114 నాటిది. అతనికి కప్పము కట్టిన మండలములలో 'ఆంధ్ర ఖిమిడి' అందు పేర్కొనబడినది. రాజెవరో తెలియును, సంవత్సరము తెలియును, అక్షరము చెక్కినట్లే యున్నది. మహానదీ సీమకును ఆంధ్ర నామమునకును గల సంబంధమును ఈ యొక్క మాట చెప్పినంత స్పష్టముగా 'మొదొగలింగ'పై వ్రాసిన పుటలన్నియు చెప్పజాలవు.

విదేశీయ గ్రంథములలోని స్థలనామమును దేశభాషకు సాక్షిగా పిలుచునపుడు నాలుగు నియమములు పాటింపదగును. ఆ విదేశీయ భాషయొక్క ప్రత్యయములను ముందుగా తొలగింపవలెను. పేరును ఒంటరిగా గాక ప్రకరణములోని తక్కిన పేళ్లతో కలిపి చదువవలెను. నేటి మాటతో గాక ఆనాటి భాషారూపముతో పోల్చవలెను. గ్రంథకర్త చెప్పిన చోటును విడువరాదు. ఈ నియమములు తెలుగునకు మాత్రమే చెప్పినవి కావు. గ్రీకు లాటిను పేళ్లలో తమ మాటలను వెదకు ప్రతి భారతీయభాషా పండితునకును ఇవి యొక్కటే. పొరుగువాని నిరుక్తమునకు పట్టిన త్రాసులోనే తన నిరుక్తమును తూచుకొన్ననాడు పరిశోధనకు గౌరవము నిలుచును.

తెలుగు ప్రాచీనతకు శిలలు పలుకుచున్నవి. వాటిని విడిచి గంగాద్వీపమునుండి అరువు సాక్షిని దెచ్చుట ఆ భాషకు వన్నె గాదు. పాఠ్యగ్రంథములందును ఉపన్యాసములందును 'మొదొగలింగ'ను తెలుగు సంఖ్యాపదమునకు ప్రమాణముగా చూపుట ఇకనైన మానవలెను. ఆ పేరును కలింగుల చరిత్ర కప్పగించుటయే న్యాయము.