సీసా కంటే ముందు పొలం

గ్రామీణ మహిళలకు జామ్ తయారీలోనూ, తేనెటీగల పెంపకంలోనూ శిక్షణ ఇవ్వడం మన విస్తరణ కార్యక్రమాలలో ఎంతోకాలంగా సాగుతున్నదే. తరగతులు జరుగుతాయి, ధ్రువపత్రాలు అందుతాయి, ఛాయాచిత్రం వార్షిక నివేదికలో చేరుతుంది. మరుసటి ఏడాది వారిలో ఎందరు సరుకు అమ్ముతున్నారన్న ప్రశ్న మాత్రం ఆ నివేదికలలో అరుదుగా కనిపిస్తుంది. ఖమ్మం జిల్లా ముదిగొండ మండలాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. జామ్‌ను, తేనెను 'అదనపు ఆదాయం' అనే ఒకే శీర్షిక కింద చేర్చడం సరికాదని నా అభిప్రాయం. జామ్ వ్యాపారం వంటింటి క్రమశిక్షణపై ఆధారపడుతుంది. తేనె వ్యాపారం భవితవ్యం చాలావరకు పొరుగు రైతు మందు డబ్బా చేతిలో ఉంటుంది.

ముదిగొండకు రెండు అనుకూలతలున్నాయి. ఖమ్మం పట్టణపు వినియోగదారులు అందుబాటులో ఉన్నారు. కొత్తగూడెం మీదుగా వెళితే భద్రాచలం అటవీ ప్రాంతమూ, శ్రీరామనవమికి లక్షలాదిగా తరలివచ్చే యాత్రికులూ ఉన్నారు. అయితే మండలం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉంది. ఇక్కడి ప్రధాన పంటలు వరి, పత్తి, మిరప. ఈ పంటల సరళిని విస్మరించి రూపొందించిన ఏ కుటీర పరిశ్రమా నిలవదు.

ముందుగా జామ్ సంగతి. ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నిబంధనల మేరకు జామ్‌లో కరిగే ఘనపదార్థాలు 65 శాతానికి తగ్గరాదు. సాధారణ పండ్ల జామ్‌లో పండు వాటా 45 శాతానికి తగ్గరాదు. 15 శాతం ఘనపదార్థాలున్న కిలో మామిడి గుజ్జుకు కిలో చక్కెర కలిపి 65 శాతం వరకు ఉడికిస్తే సుమారు 1.77 కిలోల జామ్ వస్తుంది. అంటే 400 గ్రాముల సీసాలు నాలుగు నిండి కొంత మిగులుతుంది. అంతకు ముందే దించితే బూజు పడుతుంది. 70 శాతం దాకా మరిగిస్తే బరువు 1.64 కిలోలకు పడిపోతుంది, చక్కెర పలుకులు కట్టే ప్రమాదమూ ఉంది. చేతి వక్రీభవనమాపకం లేకుండా, గరిటె జారుడు చూసి అంచనా వేసే పద్ధతి ఇంటి వాడుకకు సరిపోతుంది గాని అమ్మకానికి చాలదు.

పండు ఎంపిక కూడా ముఖ్యమే. జామపండులో పెక్టిన్ సమృద్ధిగా ఉండి జామ్ సులువుగా కడుతుంది. బొప్పాయిలో పులుపు తక్కువ కనుక నిమ్మ ఉప్పు చేర్చాలి. అడవి అంచున దొరికే సీతాఫలం గుజ్జు వేడి చేస్తే చేదెక్కుతుంది. దాన్ని శీతలీకరించి అమ్మడమే మార్గం. మన ఇళ్లలో జామ్ రోజువారీ వంటకం కాదన్న సంగతినీ గుర్తించాలి. మామిడి తాండ్ర, ఊరగాయ మనవారికి ఎవరూ పరిచయం చేయనక్కరలేని సరుకులు. గోదావరి తీరాన ఆత్రేయపురం పూతరేకులతోపాటు తాండ్రకూ పేరు తెచ్చుకొన్నది. ముదిగొండలో మొదటి సీసా జామ్‌దే కావాలన్న నియమమేమీ లేదు.

ఇక తేనె. మన ప్రాంతంలో కొండ తేనెటీగ, చిన్న తేనెటీగ, పుట్ట తేనెటీగ సహజంగా ఉన్నాయి. పెట్టెలలో పెంచడానికి వీలైనవి పుట్ట తేనెటీగ, బయటి నుంచి వచ్చిన యూరోపియన్ తేనెటీగ. జామాయిల్ తోటలు, కానుగ, వేప, చింత, నువ్వుల చేలు మకరందాన్నిస్తాయి. కాని 2021-22లో మిరపను నల్ల తామర పురుగు ముంచెత్తినప్పటి నుంచి పిచికారీలు ఏ స్థాయికి చేరాయో ఈ జిల్లాలో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు. మామిడి పూతపై తేనెమంచు పురుగుకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగకూ విషమే. పత్తిలో పువ్వు బయట, ఆకు ఈనెల మీద కూడా మకరంద గ్రంథులుంటాయి. కాబట్టి 'పూత సమయంలో కొట్టకండి' అనే సలహా పత్తి విషయంలో సరిపోదు. సాయంత్రం పిచికారీ నేరుగా మీద పడే మందు నుంచి ఈగలను కాపాడుతుంది గాని, మొక్కలో ప్రసరించే అంతర్వాహిక మందు మకరందంలోకి చేరకుండా ఆపలేదు.

మిరపపై భారీగా పెట్టుబడి పెట్టిన రైతును పొరుగువారి పెట్టెల కోసం మందు మానుకోమనడం న్యాయమా అని కొందరు అడుగుతారు. న్యాయం కాదు. కదలగలిగినది పెట్టె, కదలలేనిది పంట. మిరప పిచికారీలు ముమ్మరంగా సాగే నెలలలో పెట్టెలను జామాయిల్ తోటలకో అటవీ అంచుకో తరలించాలి. పొద్దుతిరుగుడు, నువ్వుల రైతులతో ముందుగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అక్కడ ఈగ రాక ఇరువురికీ లాభం. తరలింపు ఖర్చును తేనె ధర భరించలేని చోట పెట్టెలు పంపిణీ చేయకపోవడమే మేలు. రాయితీ పెట్టె ఖాళీ అయినప్పుడు నష్టపోయేది ఇచ్చిన శాఖ కాదు, నమ్మి తీసుకొన్న మహిళ.

అమ్మకంలో నిజాయితీయే పెట్టుబడి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన, పర్యావరణ కేంద్రం పరీక్షించిన 13 బ్రాండ్లలో అన్ని పరీక్షలలోనూ నెగ్గినవి మూడే. పెద్ద కంపెనీలపై కలిగిన ఆ సందేహమే చిన్న ఉత్పత్తిదారుకు అవకాశం. అయితే పెట్టె తేనెను 'అడవి తేనె' అని అమ్మితే ఆ అవకాశం పోతుంది. తేమ 20 శాతం మించరాదన్న ప్రమాణాన్ని కొలిచి చూపాలి. తేనె గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదని కొనేవారికి చెప్పాలి. అడవి తేనె సేకరించే కోయ కుటుంబాల పట్టును పిల్లపురుగులతో సహా పిండే పద్ధతి స్థానంలో తేనె భాగాన్ని మాత్రమే కోసే పద్ధతి వ్యాపిస్తే, తేనె పులియదు, పట్టూ మిగులుతుంది.

భద్రాచలంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ శిక్షణ పొందిన మహిళలు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు తయారుచేస్తున్నారు. ప్రధానమంత్రి 2025 జూన్‌లో 'మన్ కీ బాత్'లో వారిని ప్రస్తావించారు. ఆ ప్రశంస కంటే మనం గమనించవలసినది వేరు: అందరూ ఎరిగిన ధాన్యం, గుర్తుండే ఒకే పేరు, అండగా ఒక సంస్థ.

కాబట్టి మూడు సూచనలు. ఒకటి, శిక్షణ విజయాన్ని హాజరు పట్టికతో గాక, రెండేళ్ల తరువాత కొనసాగుతున్న అమ్మకాలతో కొలవాలి. రెండు, వైరా కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల వక్రీభవనమాపకం, తేమ పరీక్ష గ్రామ సంఘాలకు అందుబాటులో ఉండాలి. మూడు, గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు ప్రతి గ్రామానికి పూల క్యాలెండరు, దాని పక్కనే పిచికారీల క్యాలెండరు తయారుచేయాలి. ఆ రెండూ పక్కపక్కన చూస్తేనే పెట్టె ఎక్కడ ఉంచాలో తెలుస్తుంది. సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ నిర్ణయించారు. కాని మిగతాది చాలావరకు అప్పే. సీసా, మూత, గ్యాసు, పగిలినవి, అమ్ముడుపోనివి, వీటితోపాటు మనం ఎన్నడూ లెక్కించని ఆమె శ్రమకు కూలి, ఇవన్నీ ఒక సీజనంతా పుస్తకంలో రాసి చూసిన తరువాతనే ఆ దరఖాస్తుపై సంతకం పెట్టించాలి.