రంగు నన్నడిగారు, అడుగు నన్నడగలేదు

కింద ఫ్లాటు పిన్నిగారు బెల్లు కొట్టినప్పుడు నేను పోపు వేస్తున్నాను. తలుపు తీస్తే ఆవిడ చేతిలో ఫోను, ఫోనులో వాళ్ల పడగ్గది సీలింగు ఫొటో. తెల్లటి సీలింగు మీద పుల్కా అంత పసుపు మచ్చ. "మీ బాత్రూం నీళ్లేనమ్మా" అన్నారు. ఆ మచ్చకి సరిగ్గా పైన మా షవరు. దాని కిందే ఆయాసంతో బాధపడే బాబాయిగారి మంచం. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. మేస్త్రీ ఫోనెత్తలేదు. మాట పడింది నేను.

అప్పటినుంచీ ఒక సంగతి గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. బాత్రూం కట్టేటప్పుడైనా, బాగుచేయించేటప్పుడైనా మన ఆడవాళ్లని అడిగేది ఒక్కటే: టైల్స్ ఏ రంగువి కావాలి? ఆ టైల్స్ కింద ఏం వెయ్యాలో మాత్రం మేస్త్రీ, ఇంట్లో మగవాళ్లూ నిలబడి రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. తేల్చినవాళ్లు రోజుకి పావుగంట ఆ గదిలో ఉంటారు. కడిగేది, రుద్దేది, కిందివాళ్లకి సంజాయిషీ చెప్పుకునేది మనం. అందుకే ఆ నిర్ణయం మన చేతిలో ఉండాలంటాను.

"ఆడవాళ్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయి" అంటారు. తెలిసినవాళ్లు మా ఇంట్లో చెప్పిన మాటలు వినండి.

మొదటి మాట: "టైల్స్ వేశాక నీళ్లెలా దిగుతాయి మేడం?" దిగుతాయి. టైలు నీళ్లు పీల్చకపోవచ్చు, రెండు టైల్స్ మధ్య నింపే సిమెంటు పీలుస్తుంది. రోజూ నలుగురు స్నానం చేసే చోట ఆ సందుల్లోంచి తడి కొంచెం కొంచెంగా కింది మాలులోకి దిగుతూనే ఉంటుంది. పైగా మనం చేసే పాపం ఒకటుంది. మరకలు పోవాలని బాత్రూం ఆసిడ్ పోసి రుద్దుతామా, అది మరకతో పాటు ఆ సందుల్లోని సిమెంటునీ తినేస్తుంది. టైల్స్ పైకి కనిపించే అందం, అంతే. నీళ్లని ఆపాల్సింది వాటి కింద ఉండే పొర. అది లేకపోతే పైన పటారం, లోన లొటారం.

రెండో మాట: "మాలులో లిక్విడ్ కలిపేశాంగా." యాభై కిలోల సిమెంటు బస్తాకి 200 మిల్లీలీటర్ల చొప్పున కలిపే ఆ మందు చెడ్డదేం కాదు. మాలు నీళ్లు పీల్చడం తగ్గిస్తుంది. కానీ శ్లాబు వెంట్రుకవాసి చీలినా దాని మీది మాలూ చీలుతుంది. గోడా నేలా కలిసే మూల, పైపు శ్లాబులోకి దిగే చోటు, నీళ్లు కారేవి అక్కడే. ఆ మందు అక్కడ ఏమీ చెయ్యలేదు.

మూడో మాట మా ఆయనది: "పగలగొట్టడం ఎందుకు, సందుల్లో ఎపాక్సీ పెట్టిస్తే సరి." మేం మొదట చేసింది అదే. పాత సిమెంటు గీకించి ఎపాక్సీ నింపించాం. చూడముచ్చటగా ఉంది, మరక పట్టదు, కడగడం తేలిక. నాలుగు నెలలకి కింద మచ్చ మళ్లీ వచ్చింది, ఈసారి పళ్లెమంత. కింద పొర చెడితే పైన సందులు మూసి లాభమేముంది? ఆ సంక్రాంతికి పిన్నిగారింటి నుంచి అరిసెలు రాలేదు. లిఫ్టులో కలిస్తే మొహం తిప్పుకున్నారు. ఆవిడ తప్పేముంది చెప్పండి?

ఇక పగలగొట్టక తప్పలేదు. హాల్లో మీటింగు. మా ఆయన, మా మరిది, మేస్త్రీ. నేను టీ తెచ్చేసరికి అంతా మాట్లాడుకోవడం అయిపోయింది. "వదినా, క్రీమా, గ్రేనా?" అన్నాడు మరిది. ట్రే అక్కడ పెట్టి, "ముందు కింద ఏం వేస్తున్నారో చెప్పండి, రంగు తర్వాత చెబుతాను" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అప్పటికి వారం రోజులుగా దుకాణాల్లో అడిగీ, డబ్బాల మీద రాసింది చదివీ నాకు అర్థమైంది ఇదీ. తారు పూత నీళ్లని ఆపుతుంది గానీ దాని మీద టైలు నేరుగా అతుక్కోదు, మధ్యలో మాలు పొర ఉండాల్సిందే. పాలీయురెథేన్ పూత రబ్బరులా సాగుతుంది, సన్న చీలికల్ని కప్పేస్తుంది. కానీ అదీ నున్నగా ఉంటుంది. చివరి పూత పచ్చిగా ఉండగానే ఇసుక చల్లితే తప్ప పైది పట్టుకోదు. ఖరీదూ ఎక్కువే. పొడి ఒక సంచిలో, పాలలాంటి ద్రవం ఒక డబ్బాలో వచ్చే సిమెంటు పాలిమర్ పూత ఉంది చూడండి, కలిపి బ్రష్షుతో రెండు పూతలు వేస్తారు. కొంచెం సాగుతుంది, టైల్స్ అంటించే జిగురు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, మన మేస్త్రీలకి చేతనైన పని. మనలాంటి ఫ్లాటుల్లో షవరు నేలకి నా ఓటు దీనికే.

మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బాత్రూం శ్లాబు కిందికి దించి, ఆ గుంతలో ఇటుక ముక్కలు నింపి ఉంటుంది. అందులోకి దిగిన నీళ్లకి బయటికి దారుండదు, తొట్టిలో నిలిచినట్టు నిలిచిపోతాయి. అందుకే పూత రెండు చోట్లా ఉండాలి: గుంత అడుగున శ్లాబు మీద ఒకసారి, నింపి వాటం తీసిన నేల మీద టైల్స్‌కి ముందు ఇంకోసారి. మూలలు గుండ్రంగా తీసి జాలీ గుడ్డ పెట్టించాలి. పూత గోడ మీదికి కనీసం అడుగెత్తు, షవరు గోడకి తలెత్తు ఎక్కాలి. నహానీ ట్రాప్ నోట్లోకి కూడా దిగాలి.

"ఇంత అవసరమా? డబ్బు దండగ, రోజులు దండగ" అన్నారు మా ఆయన. ఎపాక్సీకి పెట్టిందీ, ఇప్పుడు పగలగొట్టడానికి పెట్టేదీ కాగితం మీద కూడి చూపించాను. పూత ఖర్చు అందులో మూడోవంతు కూడా లేదు. ఇంక మాట్లాడలేదు.

అసలు యుద్ధం నీళ్ల పరీక్ష దగ్గర జరిగింది. పూత ఆరాక నహానీ ట్రాప్‌కి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిలు గీత గీసి నలభై ఎనిమిది గంటలు ఆగాలన్నాను. "ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నాను, నా పని మీద నమ్మకం లేదా అమ్మా?" అని మేస్త్రీ నొచ్చుకున్నాడు. నమ్మకం ఉంది, పరీక్షా ఉండాలన్నాను. మర్నాడు పొద్దున్నే పిన్నిగారి బెల్లు. కింద పైపు పక్కన చుక్క. ట్రాప్ చుట్టూ నింపిన సిమెంటు కుంచించుకుపోయి చీలింది, దాని మీది పూత అక్కడే తెగింది. అదంతా తీయించి కుంచించుకుపోని గ్రౌటు నింపించి, మళ్లీ పూత వేయించి, మళ్లీ నీళ్లు కట్టాం. ఈసారి గీత దగ్గర నీళ్లు పెద్దగా తగ్గలేదు, కింద చుక్క లేదు. ఆ పరీక్ష లేకపోతే ఆ చీలిక మీదే కొత్త టైల్స్ పరిచేవాళ్లం. మేస్త్రీ ఒక్క మాటన్నాడు: "ఇకమీదట అందరిళ్లల్లోనూ నీళ్లు కడతానమ్మా."

ఇప్పుడు మనవాళ్లకే ఒక మాట. "ఆ పంచాయితీ మనకెందుకు, మగవాళ్లు చూసుకుంటారులే" అంటారు చాలామంది. నేనూ ఇన్నేళ్లూ అలాగే అన్నాను. వాళ్లు చూసుకున్నది ఆయాసమున్న పెద్దాయన మంచం మీద కారింది. మనింటి నేల ఇంకొకరింటి కప్పు. అది మన మంచి చెడ్డలతోపాటు వాళ్ల ఆరోగ్యానికీ సంబంధించిన విషయం. బియ్యం కొంటే రాళ్లు చూస్తాం, చీర కొంటే అంచు తిప్పి చూస్తాం. ఏళ్ల తరబడి మనం నిలబడే నేల కింద ఏముందో అడగడానికి మొహమాటమెందుకు?

అన్నట్టు, రంగు నేను చెప్పనేలేదు. మా మరిదే గ్రే తెచ్చాడు. నాకు నచ్చలేదు. అయినా బాధ లేదు, దాని కింద ఏముందో నాకు తెలుసు.