‘పక్షివిశేషము’ అంటే ఏ పిట్ట?

హైదరాబాదులో 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం ఒకటి పుట్టింది. రాష్ట్రం విడిపోయిన తరువాత అది ‘దక్కన్ బర్డర్స్’ అని పేరు మార్చుకొన్నది. దాని పత్రిక పేరు ‘పిట్ట’. ఎంత చక్కని పేరు! తెరిచి చూస్తే మాత్రం లోపల ఉన్నది ఆంగ్లం. నా తగవు ఇక్కడ మొదలవుతుంది. అయితే వారితోనే ముగియదు. తెలుగు, తెలుగు అని గొంతు చించుకొనే మనతోనే అసలు తగవు. ఆ ‘మన’లో నేనూ ఉన్నాను.

ముందుగా వారికి చెల్లవలసిన గౌరవం చెల్లిద్దాం. ఏ చెరువు, ఏ తేదీ, ఏ పక్షి, ఎన్ని అన్నది ఏళ్ళ తరబడి రాసుకోవడం వారి పని. కరణం లెక్కల్లా కనిపిస్తుంది గాని, ఈ లెక్కలు లేకపోతే ఒక పక్షి తగ్గిపోతున్నదని ఎవరూ రుజువు చేయలేరు. నిజాం రాజ్యంలో సాలిం అలీ 1931-32లో చేసిన సర్వే తరువాత ఆ పనిని కొనసాగించినవారు వీరే. ఆ సంఘానికి చెందిన సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితాను ప్రకటించారు. పాలపిట్టనే చూడండి. 2014లో దానిని తెలంగాణ రాష్ట్రపక్షిని చేసుకొన్నాం, దసరానాడు దర్శనం కోసం పొలాలవెంట తిరుగుతాం. దాని సంఖ్య దేశమంతటా పడిపోతున్నదని 2023లో ఒక నివేదిక చెప్పింది. ఆ నివేదికకు ఆధారం ఇటువంటి సామాన్య వీక్షకులు రాసుకొన్న జాబితాలే. పాలపిట్టమీద కవిత రాసిన మనలో ఒక్కడికైనా ఆ సంగతి తట్టిందా?

మన సాహిత్యంలోని పక్షులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. హంస, చకోరం, చాతకం, కోకిల, చిలుక. వీటిలో మొదటి మూడింటిని చూసి పోల్చగలవాడు మనలో ఎవరు? పోనీ నిఘంటువు తెరుద్దామా అంటే, పిట్ట పేరు ఎదురుగా ‘పక్షివిశేషము’ అని ఉంటుంది. ఏ పక్షి? ఏమి విశేషము? నిఘంటుకారుడు చెప్పడు. జెర్డన్ అనే సైనిక వైద్యుడు 1862-64 మధ్య వెలువరించిన భారత పక్షుల గ్రంథంలో ఒక్కొక్క పిట్టకు తెలుగు పేరు అడిగి రాసుకొన్నాడు. మన పిట్టల పేర్ల కోసం ఈనాటికీ ఆ ఆంగ్ల గ్రంథాన్ని తిరగవేయవలసిందే. సిగ్గుపడవలసిన సంగతి.

కడప అడవుల్లో కలివి పొదలమధ్య తిరిగే కలివికోడికి లోకం ఆ జెర్డన్ పేరే పెట్టింది. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకొన్న ఆ పక్షి 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. వెతికినవాడు బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్. రాత్రివేళ దానిని పట్టినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ వేటగాడి తెలివి లేకపోతే ఆ పరిశోధన లేదు. ఆ పరిశోధన అచ్చయిన భాష మాత్రం ఐతన్నది కాదు.

పోయిన చలికాలం చందానగర్ నుంచి అమీన్‌పూర్ చెరువుకు వెళ్ళాను. 2016లో ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు అది. దేశంలో నగర జలాశయాల్లో ఆ గౌరవం మొదట దక్కింది దానికే. గట్టుమీద వల బాగుచేసుకొంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చొని, నీళ్ళలో మునిగి తేలుతున్న చిన్న పక్షిని చూపించి “అదేమిటి తాతా?” అన్నాను.

“గది బుడుబుంగ సారూ. ఈడ మునిగి ఆడ తేలుతది.”

నా చేతిలోని ఆంగ్ల పుస్తకంలో దాని పేరు ‘లిటిల్ గ్రీబ్’. నేను అంతవరకూ దానిని బాతుపిల్ల అనుకొనేవాణ్ణి. ఇరవైయేళ్ళుగా తెలుగు రాస్తున్నవాణ్ణి! ఆయన ఒక్క గంటలో ఉల్లంకి, నీటికాకి, జెముడుకాకి, తీతువు అంటూ పదకొండు పేర్లు చెప్పాడు. ఈ కథ చెబితే ఒక మిత్రుడు మెచ్చుకొని, నీటికాకికి ‘జలవాయసం’ అని కొత్త పదం ప్రతిపాదించాడు. మన జబ్బు ఇదే. ఉన్న పేరు మట్టివాసన వేస్తుంది కనుక, దానికి పట్టుపంచె కట్టాలి.

‘స్థానిక నామాలు ఊరికొకటి, శాస్త్రానికి పనికిరావు’ అని ఒక వాదం ఉంది. ఆ ఇబ్బంది తీర్చడానికి లాటిన్ పేరు ఉన్నదిగా! లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు, ఆ పక్కన అది వినిపించిన జిల్లా పేరు రాస్తే చెడేదేముంది? అసలు ‘పిట్టా’ అన్నది కూడా ఇప్పుడు లాటిన్ పేరే. మన పొన్నంగి పిట్ట జాతికి 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన మాటనే పెట్టాడు. (పందికొక్కును ఆంగ్లేయులు బాండికూట్ చేసుకొన్నారు, అది వేరే ముచ్చట.) పరదేశి శాస్త్రానికి పనికివచ్చిన తెలుగు మాట తెలుగువాడి శాస్త్రానికి ఎందుకు పనికిరాదు?

మలయాళీలను చూడండి. ఇందుచూడన్ అనే కలంపేరుతో నీలకంఠన్ ‘కేరళత్తిలె పక్షికళ్’ అనే గ్రంథం 1958లోనే రాశాడు. ఆయన వృత్తి ఆంగ్ల సాహిత్య బోధన! రాయడానికి మాత్రం మలయాళాన్నే ఎంచుకొన్నాడు. అక్కడి బడిపిల్లవాడు తన పెరటి పిట్టను తన భాషలో చదువుకొన్నాడు. అమీన్‌పూర్ పెద్దాయన మనవడు తన చెరువు గురించి చదవాలంటే ముందు ఆంగ్లం నేర్వాలి. చెరువును కబ్జా చేసేవాడు వచ్చిననాడు ఆ గట్టుమీద నిలబడి మాట్లాడవలసినవాడు ఆ మనవడే. వాడికి అందని భాషలో ఎన్ని సంచికలు అచ్చువేసి ఏమి లాభం?

సంఘంవారికి నా మనవి ఒక్కటే: ప్రతి సంచికలో ఒక్క పుట తెలుగులో వేయండి. అనువదించే తీరిక మీకు లేకపోతే ఇక్కడ మేమున్నాం, ఊరికే ఛందస్సుమీద తగవులాడుకొంటూ.

ఇక మిత్రులారా, నా పుస్తకంలో ఇప్పటికి 34 పేర్లు చేరాయి. బుడుబుంగను కోస్తాలో మునుగుడుకోడి అంటారని విన్నాను. మీ ఊళ్ళో ఏమంటారో, ఊరి పేరుతో సహా, వ్యాఖ్యలో రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి.