గడ్డ అనగానే క్లైమాక్స్ కాదు!

మన సినిమాల్లో జబ్బుకి ఒక పద్ధతుంది. డాక్టరు కళ్లద్దాలు తీస్తాడు, రిపోర్టు వంక దిగులుగా చూస్తాడు, "ఐయామ్ సారీ" అంటాడు. అంతే, వెనకాల వయొలిన్లు మొదలు! 1981లో 'ప్రేమాభిషేకం'లో అక్కినేని పాత్రకి కాన్సరు. 1989లో 'గీతాంజలి'లో నాగార్జున పాత్రకీ కాన్సరే. హాల్లో కూర్చుని మనమందరం కర్చీఫులు తడుపుకున్నాం. తప్పేం లేదు, కథ కథే. కానీ ఇలాంటి కథలు మనకి తెలియకుండానే ఒక లెక్క నేర్పేశాయి. గడ్డంటే కాన్సరు, కాన్సరంటే చావు! అందుకే ఒంట్లో ఎక్కడ చిన్న గడ్డ తగిలినా ఆ వయొలిన్లు చెవుల్లో మోగుతాయి.

"పేరు వెయ్యకండి డాక్టరుగారూ" అంటూ మొదలయ్యే ఉత్తరాలు నాకు కొత్త కాదు. వాటి సారాంశం దాదాపు ఒకటే. పందొమ్మిదేళ్లో, ఇరవై రెండేళ్లో వయసు. స్నానం చేస్తుంటే రొమ్ములో గోళీలాంటి గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొక్కితే జారిపోతుంది. అమ్మకి చెబితే గగ్గోలు పెడుతుంది, నాన్నకి చెప్పే విషయం కాదు. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. చివర్లో ఒక ప్రశ్న: "నేనెన్నాళ్లు బతుకుతాను?"

చెల్లెళ్లూ! మీ అందరికీ కలిపి ఈ వారం జవాబు రాస్తున్నాను.

ముందు ధైర్యం చెప్పే మాట. మీ వయసులో రొమ్ములో కనిపించే గడ్డల్లో చాలా భాగం కాన్సరు కాదు. వాటిలో అందరికంటే ఎక్కువగా కనిపించేదాని పేరు ఫైబ్రో ఎడినోమా. పేరు విలన్ పేరులా ఉంది గానీ, మనిషి మంచివాడే! పదిహేను నుంచి ముప్ఫయి అయిదేళ్ల లోపు ఆడపిల్లల్లో ఎక్కువ. రొమ్ములో పాలు తయారుచేసే గ్రంథులూ, వాటిని పట్టి ఉంచే కండా ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ హార్మోను ప్రభావంతో అవి పెరుగుతాయి. ఒక్కోచోట ఆ పెరుగుదల కాస్త హద్దు దాటుతుంది. అదే ఈ గడ్డ. నున్నగా, గట్టి రబ్బరులా ఉంటుంది. వేలితో నొక్కితే పక్కకి జారిపోతుంది. అందుకే ఇంగ్లీషు డాక్టర్లు దీనికి సరదాగా 'ఎలుక' అని ముద్దుపేరు పెట్టారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు ఉంటుంది, అంటే శనగగింజ నుంచి ఉసిరికాయ దాకా అనుకోండి. కొందరికి రెండు మూడు కూడా ఉండొచ్చు.

ఇది బిగుతైన బాడీ వేసుకుంటే రాదు. దెబ్బ తగిలితే రాదు. మీరు చేసిన ఏ తప్పు వల్లా రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

ఇంకో రకం ఉంది. నెలసరికి ముందు వారం పది రోజులు రెండు రొమ్ములూ బరువెక్కి, సలుపుతూ, చేతికి గరుకుగా, గడ్డలు గడ్డలుగా తగులుతాయి. బహిష్టు కాగానే తగ్గిపోతాయి. ఇది జబ్బు కాదు, నెలనెలా హార్మోన్లు ఆడే ఆట. అందుకే మీ రొమ్ము మీరు చూసుకోవాలంటే బహిష్టు మొదలైన వారం పది రోజుల తర్వాత చూసుకోండి. ముప్ఫయి అయిదు దాటినవాళ్లలో నీటిబుడగల్లాంటి గడ్డలు ఎక్కువ. బిడ్డకి పాలిచ్చే తల్లికి రొమ్ము ఎర్రబడి, జ్వరంతో గడ్డ వస్తే అది చీముగడ్డ కావచ్చు. ఆ రోజే డాక్టరు దగ్గరకి వెళ్లాలి.

"అయితే నాది ఫైబ్రో ఎడినోమాయే, ఇక భయం లేదు" అని పత్రిక మూసేస్తారేమో, ఆగండి! ఆ మాట చెప్పాల్సింది నేనూ కాదు, మీ వేలూ కాదు, పక్కింటి పిన్నిగారూ కాదు. మూడు పరీక్షలు కలిసి చెప్పాలి.

మొదటిది, డాక్టరు చేత్తో చూడటం. మగ డాక్టరంటే బిడియమైతే లేడీ డాక్టరు కావాలని అడగండి, అక్కనో అమ్మనో పక్కన ఉంచుకోండి. రెండోది, స్కానింగు. చిన్న వయసులో రొమ్ము కండ దట్టంగా ఉండి మామోగ్రాములో తెల్లగా పడుతుంది, గడ్డ అందులో దాక్కుంటుంది. అందుకని మీ వయసువాళ్లకి మొదట అల్ట్రాసౌండ్ చేస్తారు. కడుపుతో ఉన్నవాళ్లకి చేసేదే, రేడియేషనుండదు. మూడోది, అవసరమైతే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపటం. సూది గుచ్చితే కాన్సరు పాకుతుందని ఊళ్లో అంటారు. నమ్మకండి.

స్కానింగు రిపోర్టు కింద 'బైరాడ్స్' అని ఒక అంకె వేస్తారు. '3' కనపడగానే మూడో స్టేజీ అనుకుని ఏడుస్తూ వచ్చిన అమ్మాయిల్ని నేను చూశాను. అది స్టేజీ కాదమ్మా! అనుమానం ఎంతో చెప్పే అంకె. 1 అంటే అంతా మామూలే. 2 అంటే గడ్డ ఉంది గానీ కాన్సరు కాదు. 3 అంటే దాదాపు కాదనే, కాన్సరయ్యే అవకాశం నూటికి రెండుకి మించదు, అందుకని ఆరు నెలలకోసారి చూస్తూ ఉందామని. 4, 5 వస్తే మాత్రం ముక్క తీసి తేల్చుకోవాల్సిందే.

ఫైబ్రో ఎడినోమా అని తేలాక ఏం చెయ్యాలి? చాలామందికి ఏమీ చెయ్యక్కర్లేదు! చెప్పిన గడువుకి వెళ్లి కొలిపించుకుంటే చాలు. కొన్ని అలాగే ఉండిపోతాయి, కొన్ని వాటంతటవే తగ్గిపోతాయి. పసరు కట్టుకుంటే కరిగిందని చెప్పేవాళ్ల రహస్యం ఇదే. కరిగింది దానంతటది, పేరొచ్చింది పసరుకి! గడ్డ పెరుగుతున్నా, మూడు సెంటీమీటర్లు దాటినా, రిపోర్టులో సందేహమున్నా, దాన్ని మోస్తూ మనశ్శాంతి లేకపోయినా తీయించుకోవచ్చు. చిన్న ఆపరేషను. చాలాసార్లు చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచునే కోత పెడతారు, మచ్చ పెద్దగా కనపడదు.

మీరు సిగ్గుపడి అడగనివి కూడా చెప్పేస్తాను. మామూలు ఫైబ్రో ఎడినోమా కాన్సరుగా మారుతుందేమోనని బెంగపడక్కర్లేదు. పెళ్లికి అడ్డం కాదు. సాధారణంగా బిడ్డకి పాలివ్వటానికీ అడ్డం రాదు. గర్భంతో ఉన్నప్పుడు కొంత పెరగొచ్చు గనుక అప్పుడు డాక్టరుకి గుర్తుచెయ్యండి.

ఇక భయపడాల్సిన చోటు కూడా చెప్పాలి. గడ్డ రాయిలా గట్టిగా ఉండి కదలకపోయినా, గబగబా పెరుగుతున్నా, పైచర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాన్నుంచి రక్తం కారినా, చంకలో బిళ్ల కట్టినా ఒక్క వారం కూడా ఆలస్యం వద్దు. అమ్మకో, అమ్మమ్మకో, మేనత్తకో రొమ్ము కాన్సరో అండాశయం కాన్సరో వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. నటి హంసానందిని 2021 డిసెంబరులో తన కథ తానే అందరికీ చెప్పింది. రొమ్ములో చిన్న గడ్డ తగిలింది, పరీక్ష చేయించుకుంటే కాన్సరని తేలింది. వాళ్లమ్మగారూ ఆ జబ్బుతోనే పోయారు. కానీ ఆమె దాచలేదు, వెంటనే చూపించుకుంది, వైద్యం పూర్తి చేసుకుని మళ్లీ కెమెరా ముందుకొచ్చింది.

గడ్డ మంచిదైతే చూపించుకున్న మర్నాటి నుంచి హాయిగా నిద్రపోతారు. చెడ్డదైతే తొందరగా దొరికినందుకు బతుకుతారు. దాచుకుంటే మాత్రం ఈ రెండూ పోతాయి.

అందుకని ఇవాళే ఒకరికి చెప్పండి. అమ్మకి భయమైతే అక్కకి, అక్క లేకపోతే హాస్టల్లో స్నేహితురాలికి. ఈ పేజీ చదివే తమ్ముళ్లూ, ఇది ఆడవాళ్ల గొడవని తిప్పెయ్యకండి. మీ ఇంట్లో చెల్లాయి "అన్నయ్యా, ఆస్పత్రికి తోడు రావూ" అంటే "ఎందుకు?" అని వంద ప్రశ్నలు వెయ్యకుండా బండి తియ్యండి. ఆ సాయంత్రం ఫస్ట్ షో పోతే పోయింది, రేపు మ్యాట్నీ ఉందిగా!