చూడదగినవి మన చెంతనే కలవు

విహారయాత్ర అనగానే మన విద్యార్థులకు ఊటీ, కొడైకెనాల్, అరకులోయ జ్ఞప్తికి వచ్చును. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో కరవు తప్ప చూడదగినదేమున్నదని మనవారే పలుకుచుందురు. ఈ మాటలో సగమే నిజమని మా అభిప్రాయము.

గడచిన డిసెంబరు మాసములో గుంటూరు ప్రాంతమునుండి మిత్రులు కొందరు విచ్చేసినప్పుడు వారిని వెంటబెట్టుకొని ఆదోని కోట మొదలు ఎమ్మిగనూరు మీదుగా గాజులదిన్నె జలాశయము వరకును, అచ్చటినుండి మంత్రాలయము వద్ద తుంగభద్ర తీరము వరకును ఒక దినమంతయు ప్రయాణించితిమి. నల్లరేగడి నేలల నడుమ గుండ్రాళ్లను పేర్చినట్లున్న కొండలను చూచి వారు ముగ్ధులైనారు.

1565 నాటి తళ్లికోట యుద్ధము తరువాత ఆదోని కోట విజయనగర ప్రభువులనుండి బిజాపూరు సుల్తానుల వశమైనది. పదునేడవ శతాబ్దిలో సిద్దీ మసూద్ ఖాన్ ఇచ్చట పాలకుడై జామియా మసీదును నిర్మించినాడు. మంత్రాలయములోని రాఘవేంద్రస్వామి మఠమునకు భూమినిచ్చినది కూడ ఆయనయే అని ఐతిహ్యము. 1786లో టిప్పు సుల్తాను ఈ కోటను పట్టుకొన్నాడు. ఇన్ని ముట్టడులను చూచిన ఆ కొండ నడుమ ఎన్నడును ఎండదని పేరుపొందిన చెరువొకటి కలదు. కోటకు రాతి బలమెంత అవసరమో నీటి బలమంత అవసరమని పూర్వులెరుగుదురు.

గాజులదిన్నె వద్ద హంద్రీ నీటిని చూచి మిత్రులు ఎంత రమణీయమని మెచ్చుకొనిరి. మనకు ఆ నీరు కంటికింపు మాత్రమే కాదు, పంటకు ప్రాణము. ఈ జలాశయమునకు దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టుట సముచితము. తుంగభద్ర ఆనకట్టలో మొదట సుమారు 133 టి.ఎం.సి.ల నీరు నిలువగా, పూడికవలన నేడు సుమారు 105 టి.ఎం.సి.లే నిలుచుచున్నది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు దిగువ కాలువ రైతుల గుండెలు ఎంత తల్లడిల్లినవో మన పల్లెలు మరువలేదు.

తిరుగు ప్రయాణమున, మూటాముల్లెలతో, పసిపిల్లలతో క్రిక్కిరిసిన లారీ ఒకటి మాకెదురైనది. ఎచ్చటికని మిత్రులడుగగా, "సుగ్గికి, మీ గుంటూరు వైపే" అని చెప్పితిమి. "మా మిరపచేలలో కాయ కోయువారు వీరా!" అని ఒక మిత్రుడు చాలసేపు మౌనము వహించినాడు. ఆ దినమున వారు చూచిన దృశ్యములలో అదియే మిక్కిలి చూడదగినదని మేము భావించుచున్నాము. ఆ పిల్లలు మరల బడికి వచ్చునప్పటికి సగము చదువు గడచిపోవును.

కరవు సీమలో ఉపాధి అసాధ్యమనుటయు సరికాదు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేత సహకార సంఘము ఊరనే పని కల్పించి ఎన్నో కుటుంబములను నిలిపినది. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించినది. నీరును, పనియును ఉన్నచోట మనిషి ఊరు విడువడు.

కావున మా సూచన ఇది. మన కళాశాల ప్రతి సంవత్సరము దూరదేశ యాత్రతోపాటు దగ్గరి యాత్రనొకదానిని జరుపవలెను. తెలుగు, ఉర్దూ విద్యార్థులు కలిసి ఒక పల్లె చెరువును దర్శించి, దానిని ఎవరు త్రవ్వించిరి, వాగునీరు ఏ దారిన వచ్చును, ఆ దారి ఎచ్చట పూడినది, ఎన్ని ఇండ్లు సుగ్గికి పోయి తాళము పడినవి అను విషయములను పెద్దలనడిగి రెండు భాషలలోను వ్రాసి ఈ సంచికలో ప్రకటింపవలెను. పది సంవత్సరములలో పది చెరువుల చరిత్ర మన చేతనుండును. పూడిక తీయింపుడని అధికారులను అడుగు దినమున ఆ వ్రాతయే మనకు సాక్ష్యమగును.